నీళ్లు పోసి విసిరే బెండు: నాగావళి ఒడ్డున ఎనిమిది నెలలు వాడాక

చేపలు పట్టే ఈ సెట్టులో బెండ్లు మంచివి, ఈకలతో చేసిన ఈగలు దండగ. తొందరలో ఉన్నవాళ్లకి ఈ ముక్క చాలు.

ఆన్‌లైన్‌లో 649 రూపాయలకి తెప్పించిన సెట్టు ఇది. కిందటి మే నెలాఖర్లో ఆర్డర్ పెడితే తొమ్మిది రోజులకి ఆమదాలవలస వచ్చింది. లోపల అద్దంలా కనిపించే ప్లాస్టిక్ బెండ్లు ఆరు. మూడు గుండ్రటివి, మూడు కోడిగుడ్డులా ఉన్నవి. ఈగలు, అంటే ఫ్లైలు, పన్నెండు. చిన్న గాలానికి ఈకా దారం చుట్టి పురుగులా చేసినవి. ఇంకా దారం మెలిపడకుండా తిరిగే చిన్న లోహపు స్వివెల్‌లు పది, కాసిని రబ్బరు పూసలు. అట్టపెట్టె మీద ట్రౌట్ చేప బొమ్మ. దాన్ని చూసి మా ఆవిడ, "ఈ చేప మన బజార్లో దొరకదు కదా, మరి ఇదెందుకు?" అంది. న్యాయమైన ప్రశ్నే.

నేను మిలట్రీలో డ్రైవర్‌గా చేసి వచ్చినవాణ్ని. ఒక వేసవి హిమాచల్‌లో కులూ వైపు డ్యూటీ పడింది. సెలవు రోజున నలుగురం కలిసి తీర్థన్ నది ఒడ్డుకి వెళ్లాం. ట్రౌట్‌ని నేను చూసింది అక్కడే. అది మన దేశపు చేప కాదు. బ్రిటిష్ వాళ్లు సముద్రం దాటించి గుడ్లు తెప్పించి ముందు కాశ్మీర్ వాగుల్లో, తర్వాత కులూ లోయలో పెంచారు. చన్నీళ్ల చేప. నీళ్లు ఇరవై డిగ్రీలు దాటాయంటే దానికి ఇబ్బంది మొదలవుతుంది. మే నెలలో మన నాగావళిలో వదిలితే పూట కూడా బతకదు. అక్కడ మత్స్యశాఖ లైసెన్సు తీసుకుని పట్టాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా గుడ్లు పెట్టే కాలం కాబట్టి పట్టనివ్వరు.

ట్రౌట్ రాయి వెనకాల ప్రవాహానికి ఎదురుగా నిలబడి, పైనుంచి కొట్టుకొచ్చే పురుగుల్ని ఏరుకుతింటుంది. అందుకే దానికి ఎరగా ఈ ఈక పురుగులు. చిక్కేమిటంటే ఫ్లైకి బరువుండదు. మామూలు రాడ్‌తో విసిరితే కాళ్ల దగ్గరే పడుతుంది. దొరలు దానికోసం వేరే రాడ్, లావుపాటి దారం కనిపెట్టారు. ఆ దారం బరువుతో ఫ్లైని కొరడా ఝళిపించినట్టు విసురుతారు. అది నేర్చుకోవడానికి ఓపిక కావాలి, కొనడానికి డబ్బు కావాలి. తీర్థన్‌లో మాకు దొరికిన గైడు ఈ రెండూ లేనివాళ్లకి ఏం చేయాలో చూపించాడు. మామూలు స్పిన్నింగ్ రాడ్, మామూలు రీలు. దారం చివర ఈ గాజులాంటి బెండు, దాని వెనకాల సన్న దారం, దాని చివర ఫ్లై. బెండు బరువుకి అన్నీ కలిసి అవతలి ఒడ్డు దాకా వెళ్లాయి. నాకు ఆ రోజు ఒక్క చేపా పడలేదు. కానీ ఆ బెండు మాత్రం పదేళ్లయినా బుర్రలోంచి పోలేదు.

దీనిలో కిటుకు చెబుతాను. బెండుకి ఒక పక్క చిన్న బిరడా ఉంటుంది. దాన్ని లాగి లోపల నీళ్లు పోసి మళ్లీ బిగించాలి. మా ఊరి కిరాణా కొట్టు కాటా మీద పెట్టి చూశాను. కోడిగుడ్డు ఆకారం బెండు ఖాళీగా 6 గ్రాములు, సగం నీళ్లతో 13, నిండా పోస్తే 21. విసిరేటప్పుడు ఆ బరువంతా పనికొస్తుంది. నీళ్లలో పడ్డాక ఆ బరువు ఉండదు. బావిలో చేద మునిగి ఉన్నంతసేపు చేతికి బరువు తెలీదు, నీళ్ల మీదకి లేచాకే గిలక కిర్రుమంటుంది కదా, ఇదీ అంతే. సగం పోస్తే సగం మునిగి తేలుతుంది. నిండా పోస్తే నెమ్మదిగా అడుక్కి దిగుతుంది. సీసపు గుండు కట్టుకుంటే ఈ సుఖం లేదు, అది పడీపడగానే అడుగున కూర్చుంటుంది.

మా ఊళ్లో వల వేసే తాత ఒకాయన దీన్ని చేతిలో తిప్పి తిప్పి చూశాడు. ఆయన ఇప్పటికీ జీలుగు బెండే వాడతాడు.

"ఏటి బావూ ఇది, సూదిమందు సీసాలాగుంది?"

"బెండే తాతా. నీళ్లు పోసి విసురుతారు."

"బెండుకి నీల్లు పొయ్యడమేటి! ములిగిపోదా?"

నేను సగం పోసి రేవులో వేసి చూపించాను. తేలింది. ఆయన కాసేపు చూసి, "దేనికైనా నీల్లే కావాల మీ మిలట్రీ వోల్లకి" అన్నాడు. ఆ మాటలో నీళ్లేవో మీకు అర్థమయ్యే ఉంటుంది.

ఇక కట్టే పద్ధతి. నాది ఏడడుగుల రాడ్, 2500 సైజు రీలు, 0.25 మిల్లీమీటర్ల దారం. విజయనగరంలో ఉండే మా బావమరిది ఈ రాడ్‌ని సిరిమాను అంటాడు. మెయిన్ దారాన్ని బెండు మధ్య గొట్టంలోంచి దూర్చి, కింద రబ్బరు పూస ఎక్కించి, స్వివెల్ కట్టాలి. స్వివెల్ అవతల 0.18 దారం, చివర ఫ్లై. పూస మానేస్తే బెండు వచ్చి ముడిని కొడుతుంది, పదోసారికి ముడి తెగుతుంది.

ఆ వెనక దారం ఎంత పొడుగుండాలన్న దగ్గరే నేను బోల్తాపడ్డాను. బెండుకి దూరంగా ఉంటే చేప బెదరదని రెండున్నర మీటర్లు పెట్టాను. నారాయణపురం ఆనకట్టకి బాగా దిగువన, రాళ్ల మధ్య నీళ్లు ఆగే చోట. జూన్ మొదటి వారం. రెండో విసురుకే బెండు కదిలింది. రీలు చుట్టాను, చుట్టాను, బెండు వచ్చి రాడ్ కొనకి తగిలి ఆగిపోయింది. ఇక చుట్టడానికి లేదు. చేప ఇంకా రెండున్నర మీటర్ల అవతల నీళ్లలోనే ఎగురుతోంది. ఏడడుగులంటే రెండు మీటర్ల పైచిలుకే కదా, నేను రాడ్ ఎంత పైకెత్తినా అది చేతికి రాదు. వెనక్కి నడిచాను, ముళ్లపొద. "బావా, ఆగు ఆగు" అంటూ మా బావమరిది ప్యాంటు మడవకుండానే నీళ్లలో దిగాడు. అతను దారం పట్టుకునేలోపు చేప వెళ్లిపోయింది. ఫోను మాత్రం తడిసింది. ఆ రోజు నుంచి మీటరున్నర దాటించలేదు. రాడ్ కంటే పొడుగు పెట్టకండి, అంతే.

రెండో పాఠం వేలు. విసరగానే చేతులు కట్టుకుని చూస్తూ నిలబడితే బెండు ముందు పడి, ఫ్లై వచ్చి దాని మీదే పడుతుంది. దారం జడ అల్లినట్టు అల్లుకుంటుంది. బెండు నీళ్లని తాకబోయే ముందు చూపుడువేలుతో రీలు అంచున దారాన్ని మెల్లగా అదమాలి. బెండు గాల్లో ఒక్క క్షణం జంకుతుంది, ఫ్లై దాన్ని దాటి ముందుకి వెళ్లి పడుతుంది. ఇది చేతికి రావడానికి నాకు మూడు సాయంత్రాలు పట్టింది. వచ్చాక మాత్రం ముప్ఫై మీటర్ల అవతల చింతచెట్టు నీడలో ఫ్లైని పెట్టగలుగుతున్నాను.

ఈ 649 రూపాయలు వసూలైన రోజు ఒకటుంది. తొలకరి పడ్డ మర్నాడు. ఊరి చెరువు పాట పాడుకున్న వాళ్లని ముందే అడిగి ఉంచాను, పరిగెలే కదా పట్టుకోండి అన్నారు. సాయంత్రం ఆరవుతోంది. గట్టు మీద పుట్టల్లోంచి ఉసుళ్లు లేచాయి. లేచినవి లేచినట్టే నీళ్ల మీద పడుతున్నాయి. రెక్కలు నీళ్లకి అంటుకుపోయి, ఒళ్లు మాత్రం గింజుకుంటూ. మొదట ఒక చోట చిన్న బుడగ. ఆ పక్కనే ఇంకోటి. పావుగంటలో చెరువంతా సన్న చినుకు పడుతున్నట్టుంది, పైన మాత్రం మబ్బు లేదు. అన్నీ పరిగెలే, నోరు తెరవడం, ఉసుడిని లాక్కోవడం. తీర్థన్ గైడు చెప్పింది అప్పుడు గుర్తొచ్చింది, వాళ్లకీ ఇలాంటి సాయంత్రాలు ఉంటాయట, నీటి అడుగున పెరిగిన పురుగులు రెక్కలొచ్చి పైకి లేచే వేళ ట్రౌట్ మిగతాదంతా మర్చిపోతుందట. సెట్టులో గోధుమరంగు ఫ్లై ఒక్కటే ఉంది. సగం నీళ్లు పోసిన బెండుతో దాన్ని గుంపు అవతలికి విసిరి, చాలా నెమ్మదిగా చుట్టాను. బెండు వెనక నీళ్ల మీద సన్నటి చాలు పడుతోంది. చుట్టడం ఆపాను. ఆపినప్పుడే పట్టింది. గంటలో పదకొండు పరిగెలు, ఒక్కొక్కటి అరచేతంత. ఎర్రల డబ్బా లేదు, చేతికి బురద లేదు. మా ఆవిడ చింతపండు పులుసు పెట్టింది, ట్రౌట్ ప్రస్తావన మళ్లీ తేలేదు.

ఆ గోధుమరంగు ఫ్లై ఆ ఒక్క సాయంత్రానికే ఊడిపోయింది. దారం జారి, ఈకలు రాలి, ఉత్త గాలం మిగిలింది. మిగతా పదకొండూ ఆకుపచ్చ, గులాబీ రంగులవి, అలాంటి పురుగుని నేను ఏ చెరువు దగ్గరా చూడలేదు. గాలాలు మరీ మెత్తన. ఆగస్టులో గట్టు పక్క తామరాకుల దగ్గర మునిగే ఫ్లై ఒకటి వేస్తే కొరమీను పట్టింది. కిలో ఉండదు, ముప్పావు ఉంటుందేమో. ఒక్క గుంజు గుంజింది, దారం వదులైంది. తీసి చూస్తే గాలం గుండుసూదిలా తిన్నగా సాగి ఉంది. అమ్మినవాళ్లకి రాస్తే ఫోటోలు పంపమన్నారు. పంపాను. తర్వాత సడీ చప్పుడూ లేదు. స్వివెల్‌లు సగం రెండో నెలకే తుప్పు పట్టాయి, బజార్లో ఇరవై రూపాయలకి పది కొత్తవి తెచ్చుకున్నాను.

అమ్మవారి పండక్కి కోసిన పుంజు మెడ ఈకలు దాచమని చెప్పి, 12వ నంబరు గాలాలకి నేనే కట్టడం మొదలుపెట్టాను. ఎర్ర పుంజు మెడ ఈక సన్నగా, బిరుసుగా ఉంటుంది. కాడ చుట్టూ తిప్పితే పీచులు నిక్కబొడుచుకుని నీళ్ల మీద నిలబడతాయి. కుట్టు మిషన్ దారం, ఒక చుక్క ఫెవిక్విక్. చూడ్డానికి వికారంగా ఉంటాయి. పరిగెలు పట్టించుకోలేదు.

బెండ్ల సంగతి కూడా పూర్తిగా చెప్పాలి. గుండ్రటి మూడూ గాలికి కొట్టుకుపోతాయి, అనుకున్న చోట పడవు. కోడిగుడ్డు ఆకారంవే కొనండి, విడిగా దొరుకుతాయి. బిరడా నాలుగైదు నెలలకి వదులవుతుంది, విసిరిన ప్రతిసారీ కొంచెం నీళ్లు కారి బరువు మారుతుంటుంది. సైకిల్ ట్యూబు ముక్క కత్తిరించి చుట్టాను, ఆగింది. ఒకటి నారాయణపురం రాళ్లకి తగిలి పగిలింది. అది నా విసురు తప్పు, బెండుది కాదు.

జూలై నుంచి సెప్టెంబరు దాకా నదిలో దీనితో పనిలేదు. ఒడిశాలో వానలు పడితే నాగావళి ఎర్రబడిపోతుంది, కంటితో చూసి తినే చేపకి ఫ్లై కనిపించదు. అప్పుడు ఎర్రా, తాత జీలుగు బెండూ గెలుస్తాయి. బొచ్చెలు, శీలావతులు కావాలన్నా ఇది కాదు, వాటికి తవుడు ముద్దే. పైన తిరిగే చిన్న చేపలకీ, నవంబరు తర్వాత తేటపడ్డ నీళ్లకీ ఇది సరిగ్గా సరిపోతుంది.

సెట్టులో మిగిలిన ఆకుపచ్చ, గులాబీ ఈగలు సంక్రాంతికి మేనల్లుడు అడిగాడు. గాలాలు కత్తిరించి ఇచ్చాను, గాలిపటం తోకకి కట్టుకున్నాడు.