కురసావ్ టీమ్ జెర్సీ కొనేవాళ్లు వెనక నంబర్ వేయించకండి

కరీబియన్ దీవి కురసావ్ రాజధాని విలెమ్‌స్టాడ్ వెళ్లినప్పుడు, అక్కడి పాత పేట పుండా వైపు ఒక చిన్న షాపులో ఆ దీవి ఫుట్‌బాల్ టీమ్ నీలం జెర్సీ కొన్నాను. అక్కడి డబ్బుల్లో 85 గిల్డర్లు, అంటే 47 డాలర్ల పైచిలుకు. ఇది టీమ్ వేసుకునే అసలు జెర్సీ కాదు, అభిమానుల కోసం కుట్టించి అమ్ముతున్నది. ఆ మాట షాపామె డబ్బు తీసుకోకముందే చెప్పింది, అందుకే ధైర్యంగా కొన్నాను.

గుడ్డ చాలా బాగుంది. పల్చన, ఆ ఎండలో రోజంతా తిరిగినా ఒంటికి అతుక్కోలేదు, రంగు కూడా ఐదారు ఉతుకులకి వెలవలేదు. అన్నిటికన్నా నచ్చింది ఛాతీ మీద జెండా. పసుపు గీత సరిగ్గా మధ్యలో కాకుండా కాస్త కిందికి ఉంది, పైమూల రెండు తెల్ల నక్షత్రాల్లో ఒకటి చిన్నది, అది పక్కనున్న క్లైన్ కురసావ్ దీవికి గుర్తు. దారంతో కుట్టారు, వేలితో తడిమితే ఆ తేడా చేతికి తెలుస్తుంది.

గొడవంతా వెనక నంబర్‌తోనే. నేను 1 వేయించుకున్నాను, టీమ్ గోలీ (గోల్‌కీపర్) ఎలాయ్ రూమ్ కోసం. గోలీ జెర్సీ రంగు వేరని తెలుసు, అయినా 2025 నవంబర్ 18న కింగ్‌స్టన్‌లో జమైకా మీద 0-0 చూసినవాళ్లకి ఇంకో నంబర్ ఎలా గుర్తొస్తుంది? వరల్డ్ కప్‌కి వెళ్లడానికి డ్రా చాలు, కానీ ఆ డ్రా కోసం ఎంత టెన్షన్! కోచ్ డిక్ అడ్వొకాట్ ఇంటి అవసరాల వల్ల గ్రౌండ్‌లోనే లేడు, జమైకా కొట్టిన బంతి మూడుసార్లు గోల్‌పోస్టుకి తగిలింది, చివర్లో ఇచ్చిన పెనాల్టీని వీఏఆర్ (వీడియో రీప్లే) చూసి రద్దు చేశారు. లక్షన్నర మంది ఉండే దీవి వరల్డ్ కప్‌కి వెళ్లింది! జనాభాలో ఇంత చిన్నది అంతకుముందు ఎప్పుడూ వెళ్లలేదు, ఐస్‌లాండ్ కూడా దీనికి రెట్టింపు పైనే.

అలాంటి నంబర్ మూడో ఉతుక్కే అంచు లేచి, ఇప్పుడు సగం ఊడి వేలాడుతోంది. తిరగేసి చల్లనీళ్లలో ఉతకాలని షాపులో ఒక్కరూ చెప్పలేదు, చీటీ కూడా లేదు. మెసేజ్ పెడితే రెండు రోజులకి కొత్తది పంపుతామన్నారు, నెలైంది, ఇంకా రాలేదు. మంచి జెర్సీని ఇలా పాడుచేయడం నాకు నిజంగా బాధేసింది.

సైజు కొంచెం బిగువు, మీరు మామూలుగా వేసేదానికన్నా ఒకటి పెద్దది తీసుకోండి. నంబర్ లేకుండా అయితే కళ్లు మూసుకుని కొనొచ్చు, మా తమ్ముడికి అలాగే ఇంకోటి ఆర్డర్ పెట్టాను.