లాక్రోస్ రిక్రూటింగ్ సలహా సేవ: దేనికి డబ్బు పెట్టవచ్చు, దేనికి అక్కరలేదు

అమెరికాలో హైస్కూలు అమ్మాయిలకు కళాశాల లాక్రోస్ (వల కట్టిన కర్రతో బంతిని పట్టి విసిరే ఆట) జట్లలో చోటు సంపాదించుకోవడానికి తోడ్పడతామనే సలహా సంస్థలు చాలా ఉన్నాయి. మిడ్‌ఫీల్డర్‌గా ఆడే మా అమ్మాయి పదో తరగతిలో ఉండగా అలాంటి ఒక సంస్థలో చేరి, ఆమె పన్నెండో తరగతికి వచ్చేదాకా వారి పూర్తి ప్యాకేజీ వాడుకున్నాము.

మాకు అన్నింటికంటే ఉపయోగపడింది వారు వేసి ఇచ్చిన కాలపట్టిక. పదకొండో తరగతి సంవత్సరం సెప్టెంబరు 1 రాకముందు డివిజన్-1 (కళాశాల క్రీడల్లో పై శ్రేణి) కోచ్‌లు క్రీడాకారిణితో రిక్రూటింగ్, అంటే జట్టులోకి తీసుకునే సంగతులు మాట్లాడకూడదని 2017లో కళాశాల క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ నియమం తెచ్చింది. అంతకుముందు తొమ్మిదో తరగతి పిల్లలు కూడా కళాశాలలకు మాట ఇచ్చేసేవారు. ఈ నియమం తెలియని పిల్లలు ఉత్తరాలు రాసి, జవాబు రాక, తమ ఆట ఎవరికీ నచ్చలేదని కుంగిపోతారు. మా సలహాదారు ఈ విషయం మొదటి సమావేశంలోనే విడమరచి చెప్పి, మాట్లాడకపోయినా కోచ్‌లు టోర్నమెంట్లకు వచ్చి ఆట చూస్తూనే ఉంటారు గనుక ఆ లోగా ఏయే పోటీలలో ఆడాలో నిర్ణయించుకోమన్నారు. డివిజన్-1 అర్హతకు కావలసిన 16 కోర్ సబ్జెక్టులలో (ఇంగ్లీషు, గణితం, సైన్సు వంటి ముఖ్య పాఠ్యాంశాలు) 10 పన్నెండో తరగతి మొదలయ్యేలోపే పూర్తి కావాలని గుర్తుచేసి, మార్కుల పత్రాన్ని వరుసవారీగా సరిచూశారు.

హైలైట్ వీడియో విషయంలో వారి పనితనం నిజంగా మెచ్చదగినది. మేము గోల్స్ అన్నీ ముందు పెట్టి పంపాము. వీడియో చూసే ఆవిడ ఒక గోల్ పోయిన ఘట్టం దగ్గర ఆపి, షాట్‌ను గోలీ పట్టుకున్న మరుక్షణం మా అమ్మాయి వెనక్కి తిరిగి పరుగెత్తి, బంతి తెస్తున్న డిఫెండర్‌ను పక్కగీత వైపు నెట్టుకుపోయిన తీరు చూపించి, దాన్నే వీడియోకు మొదట పెట్టమన్నారు. బంతి చేతిలో లేనప్పుడు పిల్ల ఏం చేస్తుందో కోచ్‌లు చూస్తారని, డ్రా (ఆట మొదలుపెట్టేటప్పుడు, గోల్ తరువాత బంతి కోసం ఇద్దరు పోటీపడడం) దగ్గర, గ్రౌండ్ బాల్స్ (నేల మీద పడి ఎవరి చేతిలోనూ లేని బంతులు) దగ్గర కనబరిచిన పట్టుదలను కత్తిరించకూడదని చెప్పారు. ఆ ఒక్క గంట సలహాకు ఎంత ఇచ్చినా తక్కువే అనిపించింది.

ఉత్తరాల సేవ మాత్రం నాకు బొత్తిగా నచ్చలేదు. కళాశాల పేరు, కోచ్ పేరు మార్చి ఒకే మాటలను పదులకొద్దీ జట్లకు పంపించారు. డిఫెన్స్‌కు పేరుపొందిన జట్టుకూ, వేగంగా దాడి చేసే జట్టుకూ ఒకటే పొగడ్త వెళ్ళింది. వాటికి వచ్చిన జవాబులలో చాలావరకు వేసవి క్యాంపుల ప్రకటనలే. తరువాత మా అమ్మాయి ఆయా జట్ల ఆటలు చూసి, తాను అందులో ఏ స్థానంలో ఆడగలదో తన మాటల్లో నాలుగు వాక్యాలు రాసి, గ్రాడ్యుయేషన్ సంవత్సరం, క్లబ్ పేరు, జెర్సీ నంబరు శీర్షికలోనే పెట్టి పంపింది. మనిషి రాసిన జవాబులు వాటికే వచ్చాయి.

డబ్బు లెక్కల్లో వారి సమాచారం పాతబడి ఉంది. ఎన్‌సీఏఏకూ క్రీడాకారులకూ నడుమ దావాలో 2025లో కోర్టు ఆమోదించిన ఒప్పందం తరువాత, అందులో చేరిన డివిజన్-1 కళాశాలలకు జట్టుకు 12 స్కాలర్‌షిప్‌ల పరిమితి పోయి, జట్టులో 38 మందికి మించరాదనే పరిమితి వచ్చింది. అంటే స్కాలర్‌షిప్ లేకుండానైనా జట్టులో ఉండవచ్చని ఆశించే పిల్లకు చోటు ఇరుకైనట్టే. వారిచ్చిన కరపత్రంలో మాత్రం పాత సంఖ్యే ఉంది. 2024లో రద్దయిన నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్ (ఫలానా కళాశాలలో చేరతానని క్రీడాకారులు సంతకం పెట్టే పత్రం) మీద ఒక అధ్యాయమే ఉంది. డివిజన్-3 (మూడో శ్రేణి) కళాశాలలు, హార్వర్డ్, యేల్ వంటి ఐవీ లీగ్ విద్యాలయాలు ఆట కోసం స్కాలర్‌షిప్ ఇవ్వవని, అక్కడ కుటుంబ ఆదాయాన్ని బట్టి అందే సాయం ఎంతో ముందే లెక్క వేసుకోవాలని ఎవరూ చెప్పలేదు. వేల డాలర్ల ఫీజు కట్టిన తల్లిదండ్రులకు ఈ మాట మొదటి రోజే చెప్పాలి.

కూతురి క్లబ్‌లో పాతకాపు కోచ్ ఉండి, ఆమె స్థాయి గురించి మొహమాటం లేకుండా చెప్పగలిగితే పూర్తి ప్యాకేజీ అక్కరలేదు. వీడియో పరిశీలన, మార్కుల పత్రం తనిఖీ విడిగా ఇస్తారేమో అడగండి. మేము చివర్లో అడిగితే ఇస్తామనే అన్నారు. సంతకం పెట్టేముందు ఒప్పందం తనంతట తానే ఏటా కొనసాగుతుందా, మధ్యలో మానుకుంటే ఎంత తిరిగి వస్తుంది అన్న రెండు సంగతులూ కాగితం మీద రాయించుకోండి.