జార్జ్‌టౌన్ హెరిటేజ్ వాక్‌కి డబ్బు కట్టేముందు ఇది చదవండి

చెన్నైలో ఉన్న మనవాళ్ళకి, ముఖ్యంగా ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్ళకి పాత చెన్నపట్నం చూపిద్దాం అనుకునేవాళ్ళకి చెప్తున్నా. తెలుగువాళ్ళ చెన్నపట్నం చూపిస్తామంటూ ఒక పోస్టర్ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది, మనిషికి 1,200 రూపాయలు, ముందే జీపే చెయ్యాలి. దయచేసి చెయ్యకండి.

పదిహేను మందికి మించరు, అంతా తెలుగులోనే చెప్తారు, చెన్నకేశవ పెరుమాళ్ గుడి, కాళికాంబాళ్ గుడి, ఆర్మేనియన్ చర్చి లోపలికి తీసుకెళ్తారు అని రాశారు. తీరా వెళ్తే నలభై మంది దాకా ఉన్నారు, మైకు లేదు, పొద్దున్నే మొదలవ్వాల్సింది తొమ్మిది దాటాక కదిలింది, గైడ్‌కి తెలుగు నాలుగు ముక్కలు కూడా రాదు. మింట్ స్ట్రీట్‌లో ముందు ఒక వెండి కొట్టు, తర్వాత చీరల కొట్టు, ఈ రెండిట్లోనే గంటన్నర కూర్చోబెట్టారు. బయటికొచ్చేటప్పుడు కొట్టాయన గైడ్‌ని పక్కకి పిలిచి చేతిలో కవరు పెట్టడం నా కళ్ళతో చూశాను. చెన్నకేశవ పెరుమాళ్ గుడి ఉన్న దేవరాజ ముదలి వీధికి చేరేసరికి పన్నెండు దాటింది, గుడి మూసేశారు. నెల్లూరు నుంచి ఇందుకోసమే వచ్చిన మా పెద్దమ్మ, మూటల బళ్ళ మధ్య ఎండలో నిలబడి, వేసున్న తలుపులకే దండం పెట్టుకుంది. మిగతా రెండూ టైం లేదని ఎగ్గొట్టారు.

డబ్బు సంగతి అలా ఉంచండి, చెప్పిన చరిత్ర కూడా తప్పే. ఈస్టిండియా కంపెనీకి దుబాసీగా, అంటే మధ్యవర్తిగా ఉన్న బేరి తిమ్మప్ప కాలం నాటి గుడి ఇదేనన్నాడు గైడ్. కాదు. 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర ఇంగ్లీషువాళ్ళు స్థలం తీసుకున్నాక వాళ్ళు కట్టిన సెయింట్ జార్జ్ కోట పక్కన వెలిసిన ఊళ్ళో ఆ పాత గుడి ఉండేది, అంటే ఇప్పుడు హైకోర్టు ఉన్నచోట. ఫ్రెంచివాళ్ళు వచ్చిపడ్డాక కోట చుట్టూ ఖాళీ ఉండాలని కంపెనీవాళ్ళు 1757లో దాన్ని పడగొట్టారు, బదులిచ్చిన స్థలంలో మళ్ళీ కట్టిందే మనం చూసేది. వెంకటాద్రి తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం అయిందని అంటారు, ఆ మాట ఒక్కటైనా చెప్తాడేమోనని పెద్దమ్మ చివరిదాకా చూసింది పాపం.

రీఫండ్ అడిగితే నా నంబరు బ్లాక్ చేశారు. పోస్టర్ స్క్రీన్‌షాట్, జీపే రసీదు దగ్గర పెట్టుకుని 1915కి, అదే వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను. మీరూ కట్టి ఉంటే ఇవ్వండి, నలుగురం ఇస్తేనే కదులుతుంది.

వేరే ఎవరి వాక్ అయినా సరే, ఏ గుడికి ఎన్నింటికి చేరతారో, కొట్లలో ఆపుతారో లేదో మెసేజ్‌లో రాయించుకోండి, ఆ తర్వాతే కట్టండి. లేదంటే మన్నడి మెట్రోలో దిగి పొద్దున్నే సొంతంగా వెళ్ళినా సరిపోతుంది. తంబుచెట్టి వీధిలో కాళికాంబాళ్ గుడి అక్కణ్ణుంచి నడిచేంత దూరమే, 1677లో శివాజీ వచ్చి దర్శనం చేసుకున్నాడని చెప్పుకునే గుడి అది, లోపలికి వెళ్ళడానికి టికెట్ ఏమీ లేదు. వచ్చే ఆదివారం పెద్దమ్మని నేనే తీసుకెళ్తున్నా, ఎవరైనా కలుస్తానంటే రండి, డబ్బులేం అక్కర్లేదు.