బేగంబజారులో కళాయి: ఒక పాత రాగి దేగిసా, ఒక ఇత్తడి గుండిగ

కళాయి, అంటే రాగి, ఇత్తడి పాత్రల లోపల వేసే తగరపు పూత, వేయించిన పాత్ర చేతికి రాగానే అందరూ చూసేది మెరుపునే. కళాయి మంచిదో కాదో ఆ మెరుపు చెప్పదు. సీసం కలిపిన తగరం కూడా మొదటి రోజు అంతే తళతళలాడుతుంది; పైగా తక్కువ వేడికే కరిగి సులువుగా పరుచుకుంటుంది కాబట్టి, స్వచ్ఛమైన తగరం కంటే నునుపుగా కనిపించినా కనిపించవచ్చు. అందుకే హైదరాబాదు బేగంబజారులో, పాత్రల దుకాణాల వెనుక సందులో ఉన్న ఒక కళాయి దుకాణం గురించి రాస్తున్న ఈ సమీక్షలో, పాత్రలు ఎంత అందంగా తిరిగివచ్చాయన్నదాని కంటే, కళాయికి ముందు వాళ్లు ఏం చేశారు, ఏ తగరం వాడారు, ఏ పనికి ఒప్పుకోలేదు అన్న విషయాలకే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

నేను తీసుకెళ్లినవి మూడు పాత్రలు. మొదటిది దమ్ బిర్యానీకి వాడే మందపాటి రాగి దేగిసా. లోపలి కళాయి దాదాపు పూర్తిగా పోయి అడుగున ఎర్రటి రాగి బయటపడింది, అంచు కింద పచ్చగా చిలుము పట్టింది. రెండోది ఇత్తడి సామానుకు పేరుపొందిన అజ్జరం నుంచి, అంటే తణుకు దగ్గరి ఊరి నుంచి, ఎప్పుడో మా ఇంటికి వచ్చిన గుండిగ. దానికి ఒక పక్క చొట్ట, అడుగు దగ్గర ఎవరో ఎప్పుడో వేసిన మాటు ఉన్నాయి. మూడోది కంచు గిన్నె.

ఇంత శ్రమపడి రాగి పాత్రను బాగుచేయించడం ఎందుకని అడిగేవారికి ముందుగా ఒక మాట చెప్పాలి. రాగి వేడిని స్టెయిన్‌లెస్ స్టీలు కంటే పాతిక రెట్లు వేగంగా ప్రసరింపజేస్తుంది. అందువల్ల మంట తగిలిన చోట మాత్రమే మాడిపోకుండా, అడుగంతా, పక్కలంతా ఒకే రకంగా వేడెక్కుతాయి. దమ్ వేసే వంటకు, గంటల తరబడి సన్నని సెగ మీద ఉడకాల్సిన హలీముకు ఇంతకంటే అనువైన లోహం వంటింట్లో లేదు. అయితే చింతపండు, మజ్జిగ, టమాటా, నిమ్మరసం వంటి పులుపు తగిలితే రాగి కరిగి వంటలోకి దిగుతుంది. దాంతో వంట చిలుమెక్కి రుచి చెడడమే కాదు, రాగి మోతాదు మించితే వాంతులు, కడుపునొప్పి వస్తాయి. లోహానికీ వంటకూ మధ్య అడ్డుగా నిలిచేది ఆ పలుచని తగరపు పొరే. సరిగ్గా కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రల్లో వండినా నిల్వచేసినా ఆ ఆహారాన్ని తినడానికి పనికిరానిదిగా భావించాలని మన దేశంలో 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు చెప్పాయి. అంతకు ముందు, 1955 నాటి కల్తీ నిరోధక నియమాల్లోనూ ఇదే మాట ఉండేది. మంచినీళ్లు పట్టి ఉంచే రాగి బిందెకు కళాయి అక్కర్లేదు; వండే పాత్రకు తప్పదు.

ఇక దుకాణం విషయానికి వస్తే, వాళ్ల మీద నాకు మొదట నమ్మకం కలిగించింది వాళ్లు కాదన్న పని. కంచు గిన్నెను చేతిలోకి తీసుకుని, వేలి గోటితో అంచు మీద కొట్టి, ఆ మోత విన్నాక దుకాణంలోని పెద్దాయన దాన్ని పక్కన పెట్టేశారు. "ఇది కంచు సార్, దీనికి కళాయి అక్కర్లేదు. కొలిమి మీద పెడితే పగులుతది, పగిలినంక ఎవరూ అతకలేరు" అన్నారు. కంచులో సుమారు ఐదో వంతు తగరమే ఉంటుంది, ఆ లోహం గట్టిదే కానీ పెళుసు. డబ్బు వస్తుంది కదా అని కంచు పాత్రలకు కూడా కళాయి రుద్ది ఇచ్చే చోట్లు ఉన్నాయి. ఇక్కడ ఆ గిన్నె ఇంటి నుంచి ఎలా వెళ్లిందో అలాగే తిరిగివచ్చింది, దానికి నేను కృతజ్ఞుణ్ణి.

గుండిగ విషయంలో వాళ్ల పరీక్ష ఇంకా నిశితంగా సాగింది. పాత మాటు మీద మేకుతో గీసి చూసి, అది సీసం కలిసిన మాటు అని, బయటి నుంచి వేసినా లోపలికి కూడా దిగిందని చూపించారు. మామూలుగా మాట్లు వేయడానికి వాడే తగరం, సీసం మిశ్రమం సుమారు 183 డిగ్రీల దగ్గరే కరుగుతుంది; స్వచ్ఛమైన తగరం కరగడానికి 232 డిగ్రీలు కావాలి. అంటే ఆ మాటును అలాగే ఉంచి కళాయి వేస్తే, కొలిమి మీద ముందుగా మాటే కరిగి, ఆ సీసం కొత్త తగరంలో కలిసి లోపలంతా పరుచుకుంటుంది. వాళ్లు మాటును పూర్తిగా కరిగించి తీసేసి, ఆ చీలికను గ్యాస్ మంటతో ఇత్తడి కడ్డీ కరిగించి అతికించాకే కళాయి పని మొదలుపెట్టారు. దీనికి అదనంగా డబ్బు తీసుకున్నారు. అది న్యాయమైన ఖర్చు. మీ పాత పాత్రకు బూడిదరంగు మాటు ఉంటే, ఎక్కడ కళాయి వేయించినా ముందు దాని సంగతి తప్పకుండా అడగండి.

తగరం గురించి కూడా అడిగాను. కిలో తగరం ధర రెండు వేల రూపాయలకు పైనే ఉంటుంది, సీసానిది అందులో పదో వంతు కూడా ఉండదు. కల్తీకి ఇంతకంటే వేరే కారణం అక్కర్లేదు. పెద్దాయన సంకోచం లేకుండా కొత్త కడ్డీ ఒకటి నా చేతికిచ్చి చెవి దగ్గర పెట్టుకుని వంచమన్నారు. వంచినప్పుడు లోపల ఏదో విరుగుతున్నట్టు కిరకిరమని సన్నని శబ్దం వచ్చింది. స్వచ్ఛమైన తగరం వంగేటప్పుడు దాని స్ఫటికాల అమరిక ఒక్కసారిగా మరో దిశకు మళ్లడం వల్ల వచ్చే శబ్దం అది. సీసం అలా పలకదు. తర్వాత ఆ కడ్డీని తెల్ల కాగితం మీద గీసి చూపించారు. సీసమైతే పెన్సిలు గీతలా నల్లని చార పడాలి, ఇక్కడ పడలేదు. ఈ రెండు పరీక్షలూ దండిగా సీసం కలిపిన కడ్డీని పట్టిస్తాయి, కొద్దిపాటి కల్తీని పట్టించలేవు. అది తేలాలంటే ప్రయోగశాలలో పరీక్ష చేయించాల్సిందే. సీసం ఇంత మోతాదు వరకు ఫరవాలేదు అని చెప్పగల హద్దే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెబుతోంది, పిల్లలున్న ఇంట్లో ఈ ప్రశ్న అడగడానికి మొహమాటపడకూడదు. అడిగితే విసుక్కునే చోట పాత్ర ఇవ్వకుండా వెనక్కి తెచ్చుకోవడమే మంచిది.

పని జరుగుతున్నంతసేపూ పక్కన నిలబడి చూడనిచ్చారు. ముందుగా దేగిసాను కాస్టిక్ సోడా వేసిన వేడినీళ్లలో నానబెట్టి, ఏళ్ల తరబడి పేరుకున్న జిడ్డును వదిలించారు. ఆ తర్వాత నీళ్లు కలిపిన ఆసిడ్‌తో చిలుము కడిగి, తడి ఇసుకతోనూ పీచుతోనూ తోమారు. పెద్ద గంగాళాలైతే మనిషి లోపల నిలబడి పాదాల కింద గుడ్డ, ఇసుక పెట్టుకుని నడుమును అటూ ఇటూ తిప్పుతూ తోమడం పాత పద్ధతి. దేగిసా అంత పెద్దది కాదు కాబట్టి చేతితోనే, కానీ నేను ఊహించిన దానికంటే చాలా ఎక్కువసేపు తోమారు. కళాయిలో అసలు కష్టం ఇదే. ఎక్కడ జిడ్డు వేలెడంత మిగిలినా అక్కడ తగరం అంటదు. గుండిగ చొట్టను దాగలి మీద పెట్టి కొయ్య సుత్తితో లోపలి నుంచి సరిచేసింది కూడా ఈ దశలోనే.

తర్వాత కొలిమి. తిత్తి స్థానంలో ఇప్పుడు కరెంటు బ్లోయరు వచ్చింది, బొగ్గులు మాత్రం మారలేదు. దేగిసాను పట్టకారుతో పట్టుకుని నిప్పుల మీద తిప్పుతూ, మధ్యమధ్య తగరపు కడ్డీ కొసను లోపలి గోడకు ఆనించి చూశారు. ఆ కొస మెత్తబడి చుక్కగా జారిన క్షణంలో, గుప్పెడు నవసాగరం (అమ్మోనియం క్లోరైడ్) పొడి చల్లి, దూది ఉండతో గబగబా రుద్దారు. నవసాగరం వేడికి విడిపోయి, లోహం మీద మిగిలిన చిలుమును తినేస్తుంది. దట్టంగా తెల్లటి పొగ లేచింది, ఆ పొగలోంచే తగరం దూది వెంట అడుగు నుంచి అంచు దాకా పాకింది. ఎర్రటి రాగి కనుమరుగు కావడానికి నిమిషం కూడా పట్టలేదు. వేడి కాస్త తగ్గితే తగరం గడ్డలు కడుతుంది, కాస్త పెరిగితే పసుపుపచ్చగా మారి పాడవుతుంది; ఆ మధ్యనున్న కొద్ది డిగ్రీల తేడాను థర్మామీటరు లేకుండా, కంటితో, చేతితో పట్టుకోగలగడం చూస్తే ఈ పనికి మనం ఇచ్చే కూలి తక్కువేనని అనిపించింది. చివరన పాత్రను చన్నీళ్లలో ముంచి తీశారు.

తిరిగివచ్చిన పాత్రలను వెలుతురులో పరిశీలించాను. కళాయి నాణ్యత తెలిసేది మధ్యలో కాదు. అడుగూ గోడా కలిసే మూల, చెవులు బిగించిన రివెట్ల చుట్టూ, అంచు కింది మడత, ఈ చోట్లే చూడాలి. దేగిసాలో రివెట్ల చుట్టూ కూడా తగరం సమంగా అంటింది. దూది తుడిచిన గీతలు కొన్ని కనిపిస్తాయి, అవి లోపం కాదు, చేతి కళాయికి ఉండే సహజమైన గుర్తులు. గుండిగలో మాత్రం అతుకు వేసిన చోటికి పక్కనే గోటి మందాన ఇత్తడి రంగు తొంగిచూసింది. చూపించగానే వాదించకుండా మళ్లీ కొలిమి ఎక్కించి సరిచేశారు, అదనంగా ఏమీ అడగలేదు.

లోటుపాట్లు కూడా చెప్పాలి. నేను అడగకుండానే దేగిసా బయటి భాగాన్ని మెషిన్ మీద బఫింగ్ చేసేశారు, అంటే తిరిగే చక్రంతో రుద్ది మెరుగుపెట్టారు. పాత చేతిపనిలో సుత్తి దెబ్బలు వరుసలు వరుసలుగా పడి ఒక అందం తెచ్చిపెడతాయి. ఒక పక్క అవి సగం అరిగిపోయాయి. పాత పాత్రలను పాతగానే ఉంచుకోవాలనుకునేవారు "బయట చింతపండుతో తోమి ఇస్తే చాలు, మెషిన్ వద్దు" అని ముందే గట్టిగా చెప్పాలి. రెండో లోటు నన్ను ఎక్కువ బాధపెట్టింది. నవసాగరం పొగ కళ్లలోకి, గొంతులోకి పోయే ఘాటైన పొగ. ఆ ఇరుకు గదిలో దాన్ని బయటికి లాగే ఫ్యాను లేదు, పనిచేసే కుర్రవాడి ముఖానికి మాస్కూ లేదు. రేటు కొంచెం పెంచైనా ఆ ఏర్పాటు చేసుకోవాలని పెద్దాయనతో అన్నాను. మూడోది, ఏ తగరం వాడారో రాసిచ్చే బిల్లు లేదు, మాట మీదే నమ్మాలి.

రెండు పాత్రలకూ కళాయి, అతుకు పని అన్నీ కలిపి అయిన ఖర్చు, అంత బరువున్న కొత్త రాగి దేగిసా ధరలో నాలుగో వంతుకు లోపే. రేటును పాత్ర బరువును బట్టి కాక, లోపలి వెడల్పును, తోమడానికి పట్టే శ్రమను చూసి చెబుతారు. ఇంటి ముందుకు వచ్చి కళాయి వేసేవాళ్లు ఇంతకంటే చవకగా చేస్తారు, వాళ్లలోనూ మంచి పనివాళ్లు ఉన్నారు. కానీ సీసం మాటును గుర్తించి ఇత్తడితో అతికే సరంజామా వాళ్ల దగ్గర సాధారణంగా ఉండదు.

ఇంటికి తెచ్చాక మొదట నీళ్లు మరిగించి పారబోసి, ఆ తర్వాతే వాడకం మొదలుపెట్టాం. గుండిగలో పులిహోర పులుసు ఉడికించి పొయ్యి మీద నుంచి దించాక కాసేపు అలాగే ఉంచి రుచి చూశాను, చిలుము వాసన లేదు. దేగిసాలో దమ్ వేసిన బిర్యానీ అడుగంటలేదు, అంచుల్లోని మెతుకూ మధ్యలోని మెతుకూ ఒకేలా ఉడికాయి. వాడుతున్న కొద్దీ కళాయి మెరుపు తగ్గి బూడిదరంగుకు తిరిగింది. తగరానికి అది సహజం, దాన్ని తెల్లగా చేయాలని స్టీలు పీచుతో రుద్దితే పొరే అరిగిపోతుంది. లోపల ఎర్రగా రాగి కానీ పసుపురంగులో ఇత్తడి కానీ మచ్చలుగా బయటపడినప్పుడే మళ్లీ కళాయికి ఇవ్వాలి.

వాడేవారికి ముఖ్యంగా చెప్పాల్సింది తాలింపు గురించి. పొగలు వచ్చేదాకా కాగిన నూనె వేడి తగరం కరిగే వేడికి చాలా దగ్గరగా వెళుతుంది, ఖాళీ పాత్రను పొయ్యి మీద మరచిపోతే రెండు మూడు నిమిషాల్లో కళాయి అడుగున చుక్కలుగా చేరుతుంది. అందువల్ల తాలింపును ఇనుప మూకుట్లో వేరుగా వేసుకుని కలపాలి, కళాయి పాత్రను తడి పదార్థం వేశాకే పొయ్యి ఎక్కించాలి, గరిటె కొయ్యదై ఉండాలి.

రంజాన్ నెలకు ముందు హలీం బట్టీల దేగులు, పెళ్లిళ్ల రోజుల్లో వంటవాళ్ల గుండిగలు ఈ సందు నిండా పేర్చి ఉంటాయి, ఆ రోజుల్లో ఇంటి పాత్రలకు వంతు రావడం కష్టం. మిగతా కాలంలో ఉదయం వెళ్తే ఎదురుగానే చేయించుకోవచ్చు. మా ఇంట్లో ఇంకా ఒక పెద్ద గంగాళం మిగిలింది. దాన్నీ ఇక్కడికే ఇస్తాను, బయట మాత్రం మెషిన్ తగలనివ్వను.