అనంతపురం దుమ్ముకు నిలిచిన వాక్యూమ్ క్లీనర్

అనంతపురంలో ఇల్లు శుభ్రంగా ఉంచుకోవడంలో అసలు కష్టమంతా సన్నని ధూళితోనే. పశ్చిమ కనుమల వర్షచ్ఛాయలో ఉన్న ఈ ప్రాంతంలో ఏడాదికి సగటున కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లే. జూన్ నుంచి ఆగస్టు వరకు రామగిరి కొండల మీద గాలిమరలను తిప్పే ఆ నైరుతి గాలే ఎండిన ఎర్రమట్టిని లేపి తెచ్చి కిటికీ జాలీల మీద, పరుపుల మీద, ఫ్యాను రెక్కల మీద పరుస్తుంది. కసువు ఊడ్చితే వెంట్రుకలు, ఇసుక, చెత్త చేటలోకి వస్తాయి గానీ, ధూళి గాలిలోకి లేచి కొంతసేపటికి మళ్లీ బండల మీదికే దిగుతుంది. మా అత్తగారికి ఉబ్బసం ఉన్నందున కరోనాకు ముందు ఒక వాక్యూమ్ క్లీనర్ కొన్నాము. నేటికీ అదే వాడుతున్నాము. మోడళ్లు ఏటా మారిపోతుంటాయి కనుక, ఏ రకం కొన్నాము, అది ఎందుకు నిలిచింది అన్నది చెప్పడమే కొనేవారికి ఎక్కువ ఉపయోగం.

మాది 1400 వాట్ల మోటారుతో, పొడి చెత్తనూ నీటినీ కూడా పీల్చగలిగే డ్రమ్ము రకం. ఇల్లు పాత మిద్దె. పడసాలలో తాడిపత్రి బండలు, పైన చెక్క దూలాలు, వాటి మీద అడ్డంగా పరిచిన సన్నని చెక్కలు, అంటే దంతెలు. బండల సందుల్లో చిక్కుకున్న మట్టిని చీపురు కదిలించలేదు; సన్నని మూతి తగిలించిన గొట్టం ఒక్కసారి నడిపితే అది లేచి వచ్చేస్తుంది. దంతెల మధ్య బూజును కూడా కింద నిలబడే, ముఖం మీద రాల్చుకోకుండా తీయగలుగుతున్నాము. దూది పరుపులకు, సోఫాలకు ఇంతకన్నా మంచి సాధనం నాకు తెలియదు.

దుకాణంలో మొదట చెప్పేది వాట్ల సంఖ్య. అది మోటారు ఎంత కరెంటు తీసుకుంటుందో చెబుతుంది తప్ప ఎంత పీలుస్తుందో చెప్పదు. ఐరోపా సమాఖ్య 2014లో ఇంటి వాక్యూమ్ క్లీనర్లకు 1600 వాట్లు, 2017లో 900 వాట్లు గరిష్ఠ పరిమితిగా పెట్టింది; ఆ తర్వాత కూడా అక్కడి యంత్రాలు చక్కగానే శుభ్రం చేస్తున్నాయి. పీల్చే శక్తిని కిలోపాస్కల్‌లలోను, లోపలికి వెళ్లే గాలిని సెకనుకు ఇన్ని లీటర్లని కొలుస్తారు. ఆ రెండూ పెట్టె మీద ఉన్నాయో లేదో చూడాలి. వాట్లను పట్టించుకోవలసింది ప్లగ్గు విషయంలో: 230 వోల్టుల దగ్గర 6 ఆంపియర్ల సాకెట్టు మోయగలిగేది సుమారు 1380 వాట్లే కనుక, మేము మొదటి నుంచీ దీన్ని 16 ఆంపియర్ల సాకెట్టుకే పెడుతున్నాము.

అసలు నమ్మకమంతా సంచి మీద, ఫిల్టరు మీద ఆధారపడి ఉంది. మన మట్టి ఎంత సన్ననిదంటే, ఉతికి వాడుకునే గుడ్డ సంచి రంధ్రాలు కొద్ది వారాల్లోనే పూడుకుపోతాయి. అప్పుడు పీల్చడం తగ్గుతుంది, మోటారు వేడెక్కుతుంది, లోపలి రక్షణ స్విచ్చు దానంతటదే ఆపేస్తుంది. చాలామంది అప్పుడు యంత్రం చెడిపోయిందనుకుంటారు. నిజానికి ప్లగ్గు తీసి, ఫిల్టరు దులిపి, చల్లారనిస్తే మళ్లీ నడుస్తుంది. ఒకసారి వాడి పారేసే అనేక పొరల సంచి కొంత ఖర్చే అయినా, దానితో పీల్చే బలం చాలాకాలం తగ్గదు. పైగా నిండిన సంచిని మూతి మూసి పారేస్తాము కనుక అత్తగారి ముందు దుమ్ము దులిపే పని ఉండదు. ఆ సంచినే చింపి ఖాళీ చేసి మళ్లీ వాడాలని చూడకండి, అప్పటికే దాని రంధ్రాలు పూడిపోయి ఉంటాయి. హెపా ఫిల్టరు, అంటే అతి సన్నని ధూళిని పట్టే ఫిల్టరు, 0.3 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) కణాల్లో 99.97 శాతాన్ని ఆపుతుందన్నది ప్రమాణం. అయితే మూత చుట్టూ ఉన్న రబ్బరు సరిగా కూర్చోకపోతే ధూళి ఫిల్టరును తప్పించుకుని పక్కనుంచి బయటికి వస్తుంది. కాసేపు నడిపి, గాలి బయటికొచ్చే చోట తెల్లని తడిగుడ్డతో తుడిచి చూస్తే తెలిసిపోతుంది. కొనే ముందు దుకాణంలోనే ఈ పరీక్ష చేయించుకోవడంలో మొహమాటం అక్కర్లేదు. ఉతికే ఫిల్టరయితే ఒక పగలూ రాత్రీ పూర్తిగా ఆరాకే బిగించాలి. తడి మిగిలితే దుమ్ము బురదై అంటుకుంటుంది.

ఇక మరమ్మతు. ఈ రకం మోటారు మిక్సీ మోటారు లాంటిదే, అందులోనూ కార్బన్ బ్రష్‌లుంటాయి, అంటే తిరిగే భాగానికి ఆనుతూ కరెంటు అందించే చిన్న ముక్కలు. అవి అరిగినప్పుడు లోపల నిప్పురవ్వలు ఎక్కువవుతాయి, కాలిన వాసన వస్తుంది. మాకు అలా వచ్చినప్పుడు మిక్సీలు బాగుచేసే ఆయన దగ్గరికే తీసుకెళ్లాము; బ్రష్‌లు మార్చి ఆ పూటే ఇచ్చారు. ఆ వాసనను నిర్లక్ష్యం చేస్తే బ్రష్‌లు ఆనుకునే రాగి భాగం పాడై ఖర్చు ఎన్నో రెట్లు పెరుగుతుంది. గొట్టం మూతి దగ్గర పగిలితే పగిలినంత మేరకు కోసి, మిగిలినదాన్ని మళ్లీ మర తిప్పినట్టు తిప్పి బిగించుకోవచ్చు. ఊరిలో బాగయ్యే వస్తువునే నేను నమ్మకమైనదంటాను.

ముగ్గుపిండి, సిమెంటు, గోడ గీకిన సున్నపు పొడి దీనితో ఎప్పుడూ తీయలేదు. అవి నిమిషాల్లో ఫిల్టరును మూసేస్తాయి. దేవుడి గదిలో అగరుబత్తి నుసిలో నిప్పు మిగిలి ఉండవచ్చు, అది సంచిలో పడితే ప్రమాదం. నీరు పీల్చవలసి వస్తే సంచిని, పొడి ఫిల్టరును ముందే తీసేయాలి.

లోపాలు లేవని చెప్పను. శబ్దం చాలా పెద్దది. పసిపిల్లలు నిద్రపోతుంటే దీని జోలికి వెళ్లలేము. ఎత్తయిన గడపలు దాటించేటప్పుడు డ్రమ్మును చేత్తో ఎత్తాలి, నడుమునొప్పి ఉన్నవారికి ఇది నిజమైన ఇబ్బంది. తీగ పొడవు పక్కగదికి చాలదు. ఎండాకాలంలో పొడిగాలి వల్ల గొట్టం పట్టుకున్న చేతికి చిన్న షాకులు తగులుతాయి. అది ప్రమాదం కాదు, పొడి ధూళి ప్లాస్టిక్‌కు రాసుకోవడం వల్ల పుట్టే స్థిరవిద్యుత్తు.

తనంతట తాను తిరిగే రోబో రకాలు చాలావరకు రెండు సెంటీమీటర్లకు మించిన గడప ఎక్కలేవు కనుక మా ఇంటికి పనికిరావు. కొత్త అపార్ట్‌మెంట్లలో గడపలు తక్కువ, నేల నున్నని టైల్సు. అక్కడివారికి తీగ లేని చేతి రకం సౌకర్యంగానే ఉంటుంది. అయితే పూర్తి బలంతో నడిపితే చాలా మోడళ్లలో ఛార్జింగ్ పది పదిహేను నిమిషాలకు మించి రాదు, లిథియం బ్యాటరీ సామర్థ్యం కొన్నేళ్లకు తగ్గడమూ తప్పదు. కాబట్టి డబ్బు కట్టే ముందే ఆ బ్యాటరీ విడిగా అమ్ముతారా, ధర ఎంత, అనంతపురంలోనే దొరుకుతుందా లేక బెంగళూరు నుంచి తెప్పించుకోవాలా అన్నవి అడిగి, చెప్పిన జవాబును బిల్లు మీద రాయించుకోండి.