పదేళ్లు దాటిన డెస్క్‌టాప్‌లో జీటీఎక్స్ 1660 సూపర్: మూడేళ్లు వాడాక

ముందే చెప్పేస్తాను, ఈ గ్రాఫిక్స్ కార్డు మీద నాకు పెద్దగా ఫిర్యాదుల్లేవు. 2014 నాటి డెస్క్‌టాప్‌కి ఇంతకంటే పెద్ద కార్డు దండగ. ఇంతకంటే చిన్నది పెడితే ఏడాది తిరక్కుండానే మళ్లీ మార్కెట్ చుట్టూ తిరగాలి. కాకపోతే కార్డు తెచ్చి స్లాట్‌లో గుచ్చేస్తే పనైపోతుందనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్ల కోసమే ఇదంతా. నాకైన మొత్తం ఖర్చులో కార్డు వాటా సగమే.

నాది సికింద్రాబాద్ సీటీసీలో, అదే పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అసెంబుల్ చేయించిన మెషీన్. ఇంటెల్ ఐ5-4590 ప్రాసెసర్, బీ85 చిప్‌సెట్ మదర్‌బోర్డు, 8 జీబీ డీడీఆర్3 ర్యామ్, 2 జీబీ జీటీఎక్స్ 750 టీఐ కార్డు. ఆ 750 టీఐ పాపం 60 వాట్లతో సరిపెట్టుకునేది. స్లాట్ నుంచి వచ్చే కరెంటే చాలు, విడిగా వైరు కూడా అడిగేది కాదు. గేముల్లో జీటీఏ 5 దాకా మంచిగానే లాగింది. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 దగ్గర చేతులెత్తేసింది. గుర్రం ఒక అడుగేసి ఆగేది, ఆలోచించుకుని ఇంకో అడుగేసేది.

కొత్త పీసీ కొనొచ్చు కదా అని ఇంట్లోవాళ్లే అన్నారు. కొంటే ప్రాసెసర్, బోర్డు, ర్యామ్, కార్డు అన్నీ కొత్తవే కావాలి, ఎటు తిప్పి లెక్కేసినా 60 వేలు దాటుతోంది. శని, ఆదివారాలు ఆడేవాడికి అంత ఎందుకు?

అప్పుడే ఒకటి కలిసొచ్చింది. 2022 సెప్టెంబరు 15న ఎథీరియం అనే క్రిప్టోకరెన్సీ, కంప్యూటర్లతో లెక్కలు చేయించి నాణేలు సంపాదించే మైనింగ్ పద్ధతినే వదిలేసి, అది అక్కర్లేని ప్రూఫ్ ఆఫ్ స్టేక్‌కి మారింది. గ్రాఫిక్స్ కార్డులతో దాన్ని మైనింగ్ చేసేవాళ్లకి ఒక్కరోజులో పని లేకుండా పోయింది. అంతకుముందు డబ్బులు పెట్టినా దొరకని కార్డులు, ఆ చలికాలం సీటీసీలో సెకండ్‌హ్యాండ్ షాపుల ముందు అట్టపెట్టెల్లో పేర్చి కనిపించాయి. ఏఎండీ వాళ్ల కొత్త ఆర్ఎక్స్ 6600 కార్డు అప్పటికింకా 20 వేలకు పైనే ఉంది. వాడిన 1660 సూపర్ 11,500కి ఇస్తానన్నాడు ఒకతను. మైనింగ్‌దేనా అని అడిగితే తడుముకోకుండా చెప్పాడు: "దాచేదేముందన్నా, మైనింగ్‌దే. నీ ముందే పెట్టి చూపిస్త, అర్ధగంట నడిపించుకో. నచ్చితేనే తీసుకపో."

ఆ అర్ధగంట చాలా ముఖ్యం. పాత కార్డు బయోస్ (లోపలి సాఫ్ట్‌వేర్) మార్చి పెద్ద కార్డు పేరు తగిలించి అమ్మేవాళ్లు ఉంటారు కాబట్టి ముందు కార్డు వివరాలు చూపించే జీపీయూ-జడ్ సాఫ్ట్‌వేర్ తెరిపించాలి. 1660 సూపర్ అయితే 1408 షేడర్లు, 6 జీబీ జీడీడీఆర్6, 192 బిట్ బస్ అని చూపించాలి. మామూలు 1660లో మెమరీ జీడీడీఆర్5, రెండూ ఒకటే అని అంటగట్టబోతే ఒప్పుకోవద్దు. తర్వాత కార్డు మీద పూర్తి భారం వేసే ఫర్‌మార్క్ నడిపి తెర మీద చుక్కలు, గీతలు వస్తున్నాయా, ఫ్యాన్లు రెండూ తిరుగుతున్నాయా, గరగర శబ్దం ఉందా చూసుకోవాలి. ఫ్యాన్ పాడైతే బాగుచేయించుకోవచ్చు, చుక్కలు వస్తే మాత్రం ఆ కార్డు జోలికే పోవద్దు.

అసలు ఖర్చు ఇంటికొచ్చాక మొదలైంది. 1660 సూపర్ 125 వాట్లు తాగుతుంది. స్లాట్ ఇవ్వగలిగేది 75 వాట్లే, మిగతాది 8 పిన్ వైరు ద్వారా రావాలి. మెషీన్‌కి కరెంటిచ్చే నా పాత ఎస్ఎంపీఎస్ మీద 450 వాట్లని పెద్ద అక్షరాల్లో ఉంది కానీ 8 పిన్ కాదుకదా 6 పిన్ వైరు కూడా లేదు. పక్కనున్న స్టిక్కర్ చదివితే సంగతి అర్థమైంది: గ్రాఫిక్స్ కార్డుకి, ప్రాసెసర్‌కి కావాల్సిన 12 వోల్టుల లైన్ మీద అందులో సగం కూడా లేదు. క్యాబినెట్‌తో పాటు వచ్చే చవక ఎస్ఎంపీఎస్‌లు చాలావరకు ఇంతే. పాత డిస్క్‌లకి కరెంటిచ్చే మోలెక్స్ వైరు నుంచి 8 పిన్‌కి మార్చే కన్వర్టర్ వంద, నూటయాభైకే దొరుకుతుంది. అది పెట్టుకోమని సలహా ఇచ్చేవాళ్లూ దొరుకుతారు. ఆ సన్నటి వైర్లలో అంత కరెంటు లాగితే ప్లాస్టిక్ కరిగిన వాసనే ముందు వస్తుంది. నేను కరెంటు వృథా తక్కువని తెలిపే 80 ప్లస్ బ్రాంజ్ గుర్తున్న 550 వాట్ల ఎస్ఎంపీఎస్ తెచ్చాను. నాలుగు వేల పైచిలుకు అయింది. కార్డు పోయినా ఇది ఉంటుంది, దీని మీద పెట్టిన డబ్బు గురించి ఎప్పుడూ బాధపడలేదు.

యూపీఎస్ సంగతి కూడా ఇక్కడే. ఏప్రిల్, మే నెలల్లో గాలివాన వస్తే మా సైనిక్‌పురి వైపు కరెంటు ఉంటుందన్న నమ్మకం లేదు. పాత బ్యాటరీతో ఉన్న 600 వీఏ యూపీఎస్, 750 టీఐ ఉన్నప్పుడు పది నిమిషాలు నిలబెట్టేది. కొత్త కార్డు మీద గేమ్ నడుస్తుండగా కరెంటు పోతే, కుయ్‌మని అరిచి అక్కడికక్కడే ఆపేసింది. బ్యాటరీ మార్చాక కొంత నయం.

క్యాబినెట్‌లో హార్డ్‌డిస్క్ పెట్టే అర కార్డు చివరకి అడ్డం వచ్చింది. స్క్రూలు తీసి ఆ అరనే తొలగించి, డిస్క్‌ని కింద పడుకోబెట్టాను. నాది వీజీఏ పోర్టు మాత్రమే ఉన్న పాత మానిటర్. 1660 సూపర్‌లో వీజీఏ లేదు, కాబట్టి హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే అడాప్టర్ కావాలి. అది లేకపోతే అన్నీ బిగించుకుని నల్లటి తెర ముందు టెన్షన్ పడుతూ కూర్చోవాల్సి వస్తుంది.

ఇక ఆట. 1080పీలో జీటీఏ 5 సెట్టింగులన్నీ హై మీద పెట్టినా సెకనుకి 60 ఫ్రేములు (ఎఫ్‌పీఎస్) దాటింది. రెడ్ డెడ్ 2 మీడియం, హై కలిపి పెడితే 55 చుట్టూ నిలబడుతుంది. గుర్రం ఇప్పుడు గుర్రంలాగే పరిగెత్తుతోంది. అయితే ఊళ్లోకి, జనంలోకి వెళ్లగానే ఒక్కో క్షణం గుక్కతిప్పుకోలేనట్టు ఆగేది. ఎఫ్‌పీఎస్ సగటు చూస్తే బాగానే ఉంటుంది, చేతికి మాత్రం తెలిసిపోతుంది. కార్డు, ప్రాసెసర్ ఎంత పనిచేస్తున్నాయో చూపించే ఆఫ్టర్‌బర్నర్ తెరిచి చూస్తే ప్రాసెసర్ 100 శాతం, కార్డు 60 శాతం. అంటే కార్డు ఖాళీగా కూర్చుని ప్రాసెసర్ కోసం ఎదురుచూస్తోంది. ఐ5-4590లో నాలుగు కోర్లు, నాలుగే థ్రెడ్లు (ఒకేసారి చేయగల పనులు), ఈ కాలపు గేములకి అది చాలదు. అదే సాకెట్‌లో కూర్చునే వాడిన ఐ7-4790 దొరికింది, ఎనిమిది థ్రెడ్లది. అది పెట్టి, ర్యామ్ 16 జీబీ చేశాక ఆ కుదుపులు చాలావరకు పోయాయి. సైబర్‌పంక్ 2077 కూడా మీడియంలో ఆడగలిగాను, జనం ఎక్కువున్న వీధుల్లో 40కి పడిపోయేది, అంతే. ఈ ప్రాసెసర్ పక్కన ఇంకా పెద్ద కార్డు పెడితే ఆ అదనపు డబ్బంతా ఖాళీగా కూర్చోవడానికే ఇచ్చినట్టు.

హైదరాబాద్ ఎండాకాలం ఈ కార్డుకి అసలు పరీక్ష. మాది పై అంతస్తు గది, మేలో స్లాబ్ కాగిపోయి రాత్రి పదింటికీ వేడి తగ్గదు. మొదటి వేసవిలో కార్డు 84 డిగ్రీలకి వెళ్లి, ఫ్యాన్ల మోత పక్క గదిలోకి వినిపించింది. విప్పి చూస్తే థర్మల్ పేస్ట్ ఎండిపోయి పెచ్చులు కట్టింది. మెమరీ చిప్పుల మీది ప్యాడ్ల నుంచి నూనె కారి బోర్డు అంచుల దాకా పాకింది, ముట్టుకుంటే వేలికి జిడ్డుగా అంటుకుంది. రోజంతా మైనింగ్‌లో మగ్గిన కార్డుల్లో ఇది మామూలే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పేస్టు, ప్యాడ్లు మార్చి, ఆఫ్టర్‌బర్నర్‌లో పవర్ లిమిట్ 80 శాతానికి దించాను. 84 కాస్తా 72కి వచ్చింది. ఆటలో పోయింది మూడో నాలుగో ఫ్రేములు, నాకైతే తేడా తెలియలేదు. ఎండాకాలమంతా అలాగే ఉంచుతాను. బిల్లు గురించి ఇంట్లో అడిగేవాళ్లకి: 125 వాట్ల కార్డు రోజూ రెండు గంటలు పూర్తిగా పనిచేసినా నెలకి 7.5 యూనిట్లు. ఏసీ ముందు అదొక లెక్క కాదు.

ఇప్పుడు దీని హద్దు ఎక్కడుందో చెప్పాలి. 1660 సూపర్ ఉన్న 16 సిరీస్‌లో వెలుతురు, నీడల్ని నిజంలా లెక్కగట్టే రే ట్రేసింగ్ హార్డ్‌వేర్ లేదు, చిన్న బొమ్మని పెద్దది చేసి ఫ్రేములు పెంచే డీఎల్ఎస్ఎస్ లేదు. అలాంటి పనే చేసే ఏఎండీ వాళ్ల ఎఫ్ఎస్ఆర్ ఉన్న గేముల్లో దాంతో నెట్టుకురావచ్చు. కానీ 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్ గేము, 2025 మేలో వచ్చిన డూమ్: ది డార్క్ ఏజెస్ లాంటివి రే ట్రేసింగ్ కార్డే ఉండాలంటాయి. అక్కడ సెట్టింగులు తగ్గించినా లాభం లేదు. నాకు అదో పెద్ద లోటు కాదు, 2022కి ముందు వచ్చినవే ఇంకా ఆడాల్సినవి బోలెడు మిగిలాయి.

డ్రైవర్ల (కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్) పరంగా మాత్రం ఈ కార్డు తీసుకోవడమే మంచిదైంది. 750 టీఐ లాంటి మాక్స్‌వెల్ తరం, 1060 లాంటి పాస్కల్ తరం కార్డులకి, వాటి తయారీదారు ఎన్విడియా 2025 అక్టోబరుతో కొత్త గేముల కోసం ఇచ్చే గేమ్ రెడీ డ్రైవర్లు ఆపేసింది, ఇక భద్రతా అప్‌డేట్లే. 1660 సూపర్ ట్యూరింగ్ తరం కాబట్టి ఇంకా అందుతున్నాయి. కాబట్టి ఇప్పుడు ఎవరైనా 1060 చవగ్గా ఇస్తానంటే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. నాకున్న చిక్కు విండోస్‌తో. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మద్దతు ముగిసింది, నాలుగో తరం ఇంటెల్‌ని విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. బ్యాంకు పనులు ఈ మెషీన్‌లో మానేశాను. కొత్త పీసీ వైపు చూద్దామంటే ర్యామ్ ధరలు భయపెడుతున్నాయి, అందుకే ఇంకొన్నాళ్లు దీంతోనే.

మీ మదర్‌బోర్డు హెచ్81 చిప్‌సెట్‌ది అయితే ఒక్క జాగ్రత్త. అందులో కార్డు పెట్టే స్లాట్ పాత, నెమ్మది రకమైన పీసీఐఈ 2.0 మాత్రమే. 1660 సూపర్ 16 లేన్లు (డేటా వెళ్లే దారులు) వాడుకుంటుంది కాబట్టి నష్టం తక్కువే, నాలుగే లేన్లున్న ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ మాత్రం అక్కడ నీరసపడిపోతుంది. ఆఫీసుల నుంచి రీఫర్బిష్డ్‌గా వచ్చే సన్నటి డబ్బా పీసీ ఉన్నవాళ్లు 1660 సూపర్ గురించి అసలు అడగొద్దు, లోపల పట్టదు, వాటి ఎస్ఎంపీఎస్ మార్చడమూ అంత సులువు కాదు. వాళ్లు విడి వైరు అడగని, 75 వాట్ల లో ప్రొఫైల్ (సగం ఎత్తు) జీటీఎక్స్ 1650 వెతుక్కోవాలి. అది వాడినదైనా సరే, సగం ఎత్తు బ్రాకెట్ కూడా పెట్టెలో ఉందో లేదో షాపులోనే చూసుకోండి.