కడియంలో కొన్న ఆగాకర దుంపలు: నా అనుభవం

పోయిన ఏడాది జూన్‌లో కడియంలోని ఒక నర్సరీలో పది ఆగాకర దుంపలు తీసుకున్నాను, ఒక్కోటి 40 రూపాయలు. దుంపలు గట్టిగా, తాజాగా ఉన్నాయి, తొమ్మిది మొలిచాయి, ఆ విషయంలో వంక పెట్టడానికి లేదు.

కానీ వీటిలో ఆడవి ఏవి, మగవి ఏవి అని అడిగితే "అన్నీ కాస్తాయండి" అన్నారు, నేనూ నమ్మేశాను. దొండ తీగ లాగే ఆగాకరలో కూడా ఆడ పువ్వులు ఒక తీగకి, మగ పువ్వులు ఇంకో తీగకి వస్తాయి, పూత వచ్చేదాకా తేడా తెలియదు. నా తొమ్మిదిలో ఆరు మగవే! ఎనిమిది, పది ఆడ తీగలకు ఒక్క మగ తీగ సరిపోతుంది, అలాంటిది పందిరంతా కాయని తీగలే అల్లుకుంటే ఎంత బాధగా ఉంటుందో చెప్పలేను. పువ్వు కింద ముళ్ళతో బుల్లి పిందె ఉంటే అది ఆడది. పువ్వు విచ్చుకోగానే మగ పువ్వు తెచ్చి దాని మధ్యలో అద్దాను, ఆ మూడు తీగలూ బాగానే కాశాయి, వేపుడు రుచి మాత్రం అద్భుతం.

మన డెల్టా నేలలో నీరు నిలిస్తే దుంప కుళ్ళిపోతుంది, మట్టి ఎత్తు చేసి నాటండి. చలికాలంలో తీగ ఎండిందని పీకెయ్యకండి, తొలకరికి మళ్ళీ చిగురిస్తుంది.

5కి 3 ఇస్తాను. ఆడ దుంపలు, మగ దుంపలు విడిగా గుర్తు పెట్టి ఇస్తేనే కొనండి.